మ్యాపులు చేసినవాళ్ళ పేర్లు పెట్టుకున్న గ్లేసియర్లు: నా అంటార్కటికా డైరీ

అంటార్కటికా వెళ్తున్నా అనగానే అందరూ అడిగింది పెంగ్విన్ల గురించే. పెంగ్విన్లు ఎవరికి ఇష్టం ఉండవు గానీ నేను వెళ్ళింది మాత్రం పేర్ల కోసం. హైదరాబాద్‌లో ఒక మ్యాపింగ్ ఆఫీసులో స్టీరియో ప్లాటింగ్ చేస్తూనే నా ఉద్యోగం అంతా గడిచింది, అంటే విమానం నుంచి తీసిన రెండు ఫొటోల్ని ఒక కంటికి ఒకటి చూపిస్తే నేల గట్టులు గట్టులుగా లేచి కనిపిస్తుంది, ఆ లేచిన నేల మీద ఒక చిన్న చుక్కని ఆనించి, అది నేలలోకి దిగకుండా గాల్లోకి లేవకుండా నడిపిస్తూ కాంటూర్లు, అంటే ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు, గీయడం, అదీ పని. ట్రైనింగ్‌లో లోసెడా, డెవీల్, పుల్‌ఫ్రిష్, జైస్ అని పేర్లు చెప్పేవారు, పరీక్షకి చదివాం, మర్చిపోయాం. చాలా ఏళ్ళ తర్వాత ఒకరోజు అంటార్కటికా మ్యాప్ చూస్తుంటే ఆ పేర్లే వరసగా కనిపించాయి, ఒకటి గ్లేసియర్‌కి, అంటే మెల్లగా జారే మంచు నదికి, ఇంకోటి కొండల వరసకి, ఇంకోటి సూదిలాంటి రాతి శిఖరానికి, అన్నీ ఒకే తీరం మీద. దాని పేరు డాంకో కోస్ట్, అంటార్కటిక్ పెనిన్సులా (ద్వీపకల్పం) పడమటి ఒడ్డు. మా పని మొదలుపెట్టినవాళ్ళకి అంత దూరంలో ఎవరు అంత గౌరవం చేశారు, ఎందుకు చేశారు అన్నది చూసి రావాలని అప్పుడే అనుకున్నా.

ఉషువాయా, ఓడ ఎక్కిన రోజు

డాలస్ నుంచి మా తమ్ముడు, హైదరాబాద్ నుంచి నేను, ఇద్దరం బ్యూనస్ ఐరిస్‌లో కలిసి అక్కణ్ణించి అర్జెంటీనా కొస దాకా ఇంకో ఫ్లైట్. ఉషువాయా చిన్న ఊరు, వెనక మంచు కొండలు, ముందు బీగిల్ ఛానెల్, రేవులో తెల్ల ఓడలు. సాయంత్రం ఎక్కించుకున్నారు.

ఎక్కగానే చేసిన మొదటి పని బట్టలు వాక్యూమ్ చేయడం. నిజంగానే, జాకెట్ జేబులు, వెల్‌క్రో పట్టీలు, బ్యాగు కుట్లు, కెమెరా బ్యాగు మూలలు అన్నీ వాక్యూమ్ పెట్టి లాగాలి, బూట్లు మందు నీళ్ళలో ముంచాలి, మన దగ్గర్నుంచి ఒక్క గడ్డి గింజ కూడా అక్కడికి పోకూడదు. నా బ్యాగు కుట్టులోంచి జీలకర్ర గింజలు రెండు దొరికాయి, గైడ్ అమ్మాయి వాటిని పట్టకారుతో తీసి డబ్బాలో వేసింది. ఆ జాగ్రత్త చూసి నాకు ఎంతో సంతోషం వేసింది.

నేను ప్రింట్ తీసుకెళ్ళిన మ్యాప్ క్యాబిన్ గోడకి అంటించా. తమ్ముడు చూసి "అక్కా, కిటికీ లోంచి కనిపించేదానికి మళ్ళీ గోడ మీద ఎందుకు" అన్నాడు. "కిటికీ లోంచి పేర్లు కనపడవురా" అన్నా.

డ్రేక్ పాసేజ్

కేప్ హార్న్‌కీ సౌత్ షెట్లాండ్ దీవులకీ మధ్య దగ్గర దగ్గర 800 కిలోమీటర్లు, మధ్యలో నేలన్నది లేదు, భూమి చుట్టూ తిరిగొచ్చే గాలికి అడ్డం లేదు. మొదటి రోజు మంచం మీదే. దాని గురించి ఇంకేం రాయను.

రెండో రోజు లేచి కూర్చోగలిగా. పొద్దున డెక్ మీదకి వెళ్తే ఆల్బట్రాస్ ఒకటి రెక్క కొట్టకుండా ఓడ వెంట వస్తూ ఉంది, మధ్యాహ్నానికి పొగమంచు కమ్మేసి చలి ఒక్కసారిగా పెరిగింది, అంటార్కటిక్ కన్వర్జెన్స్ దాటాం అని అనౌన్స్ చేశారు, ఉత్తరం నుంచి వచ్చే కాస్త వెచ్చని నీరూ దక్షిణం నుంచి వచ్చే చల్లని నీరూ కలిసే గీత అది.

సాయంత్రం లాంజ్‌లో మా ఓడ చరిత్రకారుడు బెల్జికా అనే ఓడ యాత్ర గురించి చెప్పాడు. మేం వెళ్ళబోయే తీరానికి మొదటి సరైన చార్ట్ గీసింది వాళ్ళే. 1898 జనవరి, ఫిబ్రవరిలో ఆడ్రియెన్ డి గెర్లాష్ అనే బెల్జియం నేవీ ఆఫీసర్ ఆ చిన్న ఓడతో వచ్చి, ఇప్పుడు గెర్లాష్ స్ట్రెయిట్ అంటున్న జలసంధి పొడుగునా ఇరవై చోట్ల దాకా దిగి, ఒడ్డు కొలిచాడు. చార్ట్ పని జార్జ్ లెకోంట్‌ది. ఓడలో ఫస్ట్ మేట్ ఎవరో తెలుసా, రోఆల్డ్ అమండ్‌సెన్, తర్వాత 1911లో సౌత్ పోల్ చేరినాయన. డాక్టర్ ఫ్రెడరిక్ కుక్ కెమెరా పట్టుకుని తిరిగేవాడు.

వాళ్ళు పెట్టిన పేర్లు చూస్తే ఆ యాత్రకి డబ్బులు ఎక్కణ్ణించి వచ్చాయో తెలిసిపోతుంది. బ్రబాంట్, ఆన్‌వెర్స్, లియేజ్ అని దీవులకి బెల్జియం రాష్ట్రాల పేర్లు, సోల్వే అని పరిశ్రమల యజమాని పేరు ఒక కొండల వరసకి, ఓస్టెరీత్ అని విరాళం ఇచ్చిన ఆవిడ పేరు ఇంకో వరసకి. ఇందులో తప్పేం లేదు, సొమ్ము లేకపోతే ఓడ లేదు. కానీ నన్ను ఆపేసిన పేరు వేరే. వీంకె అనే కుర్ర నావికుడు ఆ జనవరిలోనే తుఫానులో ఓడ మీంచి సముద్రంలో పడి చనిపోయాడు, లెకోంట్ తాడు కట్టుకుని నీళ్ళలోకి దిగినా దక్కలేదు. వీంకె ఐలాండ్ అతని పేరు మీదే. అలాగే ఎమీల్ డాంకో, అయస్కాంత కొలతలు తీసే సైంటిస్టు, ఓడ మంచులో ఇరుక్కుపోయిన ఆ చలికాలంలో 1898 జూన్‌లో పోయాడు, ఈ తీరం మొత్తం అతని పేరు మీద ఉంది. ఓడ మంచులోంచి బయటపడింది 1899 మార్చిలో.

డిసెప్షన్ ఐలాండ్

తెల్లారి లేచేసరికి నీళ్ళు కదలడం ఆగిపోయాయి. డిసెప్షన్ ఒక అగ్నిపర్వతం, మధ్యలో కూలిపోయి సముద్రం లోపలికి వచ్చేసింది, నెప్ట్యూన్స్ బెలోస్ అనే ఇరుకు సందులోంచి ఓడ లోపలికి వెళ్తుంది. లోపల వేలర్స్ బే, నల్ల ఇసుక, ఒడ్డున ఆవిరి, తుప్పు పట్టిన తిమింగలం నూనె ట్యాంకులు, ఒక ఖాళీ విమాన షెడ్డు. 1967లోనూ 1969లోనూ పేలినప్పుడు అక్కడి స్టేషన్లు ఖాళీ చేసేశారు.

అందరూ ట్యాంకుల ఫొటోలు తీస్తుంటే నేను నల్ల ఇసుక మీద నడుచుకుంటూ చాలాసేపు తిరిగా, ఎందుకంటే నా యాత్రకి అసలు మొదలు ఇదే. అంటార్కటికాలో మొదటి విమానం ఎగిరింది ఇక్కణ్ణించే, 1928 నవంబర్ 16న, హ్యూబర్ట్ విల్కిన్స్, పైలట్ బెన్ ఐల్సన్. డిసెంబర్ 20న మళ్ళీ ఎగిరి గంటల తరబడి పెనిన్సులా పొడుగునా దక్షిణానికి వెళ్ళొచ్చారు. విల్కిన్స్ పైనుంచి చూస్తూ చేత్తో స్కెచ్‌లు గీశాడు, ఫొటోలు తీశాడు, కింద కొండల మధ్య తెల్లగా చదునుగా అడ్డంగా పోతున్న దారులు కనిపించాయి, అవి గడ్డకట్టిన జలసంధులు అనుకున్నాడు. అంటే ఇది పెనిన్సులా కాదు, దీవుల గుంపు అని లెక్క. స్టెఫాన్సన్ స్ట్రెయిట్, కేసీ ఛానెల్, క్రేన్ ఛానెల్ అని పేర్లు కూడా పెట్టేశాడు. చాలా మ్యాపుల్లో అలాగే ఎక్కింది. 1934 నుంచి 1937 వరకూ జాన్ రైమిల్ నడిపిన బ్రిటిష్ యాత్ర టీమ్ కుక్కల బండ్ల మీద నేల మీద తిరిగి చూసి, సముద్రం అడ్డంగా ఎక్కడా లేదు, ఇది ఒకటే నేల అని తేల్చారు. క్రేన్ ఛానెల్ అనుకున్నది నిజానికి గ్లేసియర్, ఇప్పుడు దాని పేరు క్రేన్ గ్లేసియర్.

విల్కిన్స్‌ని తక్కువ చేయడానికి చెప్పట్లేదు, ఆ విమానంలో ఆ చలిలో ఆయన చేసింది ఎవరూ చేయలేదు. కానీ ఏటవాలుగా తీసిన ఫొటోకి ఎత్తు తెలీదు, కింద ఏ బిందువు ఎక్కడుందో కొలిచి పెట్టుకోకపోతే ఫొటో ఫొటోగానే మిగులుతుంది, మ్యాప్ అవ్వదు. ఆ తేడా నాకు చేతికి తెలుసు, గ్రౌండ్ కంట్రోల్ సరిగ్గా లేని మోడల్ మీద కూర్చుంటే కొండ మొత్తం ఒక పక్కకి ఒరిగిపోయినట్టు వస్తుంది.

ఆ పని సరిగ్గా జరిగింది కూడా ఈ రేవు నుంచే. 1955 నుంచి 1957 వరకూ రెండు వేసవులు హంటింగ్ ఏరోసర్వేస్ అనే బ్రిటిష్ కంపెనీ ఇక్కడ మకాం వేసింది, లీడర్ పీటర్ మాట్. నీళ్ళమీదా నేలమీదా దిగగలిగే కాన్సో విమానాలు రెండు, హెలికాప్టర్లు, ఓలుఫ్ స్వెన్ అనే ఓడ. విమానాలు వరసలు వరసలుగా ఎగురుతూ నిట్టనిలువుగా కిందికి ఫొటోలు తీస్తాయి, ఒక ఫొటోలో ఉన్న నేల సగానికి పైగా తర్వాతి ఫొటోలో కూడా రావాలి, అప్పుడే స్టీరియో వస్తుంది. హెలికాప్టర్లు సర్వేయర్లని దీవుల మీదా గుట్టల మీదా దింపితే వాళ్ళు థియోడలైట్‌తో కోణాలు కొలిచేవాళ్ళు. మబ్బు లేని రోజులు అక్కడ ఎన్ని దొరుకుతాయో మేం వారం తిరక్కుండానే చూశాం కదా, ఆ మబ్బుల మధ్యే పది వేలకు పైగా ఫొటోలు తీసుకెళ్ళారు.

ఆ ఫొటోలు ఇంగ్లండ్ చేరి మ్యాపులవుతుంటే అసలు సమస్య వచ్చింది. అప్పటిదాకా తెల్లగా వదిలేసిన చోట ఒక్కసారిగా వందల గ్లేసియర్లు, శిఖరాలు, కొమ్ములు బయటపడ్డాయి, దేనికీ పేరు లేదు.

విల్హెల్మినా బే, కువర్‌విల్ ఐలాండ్

ఈ రోజు మొత్తం హంప్‌బ్యాక్ తిమింగలాలు. విల్హెల్మినా బేలో ఓడ ఇంజిన్ ఆపేస్తే చుట్టూ ఊపిరి వదిలే చప్పుడే. తమ్ముడు జోడియాక్ అనే రబ్బరు పడవలో వెళ్ళి అరగంట దాకా మాట్లాడలేదు, వాణ్ణి అలా ఎప్పుడూ చూళ్ళేదు.

మధ్యాహ్నం ఎరెరా ఛానెల్ మీదుగా కువర్‌విల్. జెంటూ పెంగ్విన్లు గులకరాళ్ళు ఎత్తుకొచ్చి గూళ్ళు కట్టుకుంటున్నాయి, మనిషి అయిదు మీటర్ల దూరం పాటించాలి, పెంగ్విన్‌కి ఆ రూల్ లేదు కాబట్టి అదే దగ్గరికి వస్తే కదలకుండా నిలబడాలి. ఒకేసారి వంద మందికి మించి ఒడ్డున ఉండకూడదు.

నా కళ్ళు మాత్రం ఛానెల్ అవతల ఆర్క్‌టోవ్‌స్కీ పెనిన్సులా మీదే. ఈ నేల ముక్క మీదే మా వాళ్ళ పేర్లు ఎక్కువ. జైస్ నీడిల్ ఈ పెనిన్సులా మీదే ఉంది, నేను పని నేర్చుకున్న రోజుల్లో కళ్ళకి ఆనించిన అద్దాల మీద అదే పేరు చెక్కి ఉండేది.

ఆండ్‌వోర్డ్ బే, నెకో హార్బర్

ఈ రోజు కోసమే వచ్చా.

రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు, ఎలాగూ చీకటి పడదు, నాలుగింటికే డెక్ మీద ఉన్నా. పొద్దున ఆండ్‌వోర్డ్ బేలోకి ఓడ తిరిగింది. మబ్బు కొండల నడుము దాకా దిగి ఉంది, కింద మాత్రం గ్లేసియర్ల ముఖాలు బాగా కనిపిస్తున్నాయి, సముద్రానికి అంచు కట్టినట్టు నిలువు మంచు గోడలు, పగుళ్ళ లోపల నీలం రంగు. మంచు బాగా అదిమేసుకుని గాలి బుడగలు తగ్గినకొద్దీ ఎర్ర రంగు వెలుతురుని మింగేసి నీలాన్నే వదుల్తుంది, అందుకే పాత మంచు నీలంగా ఉంటుంది.

మ్యాప్ పట్టుకుని ఎడమ వైపు రెయిలింగ్ దగ్గర నిలబడి గుర్తుపడుతూ వచ్చా. ముందు లోసెడా హైట్స్, ఎమే లోసెడా అని ఫ్రెంచ్ సైన్యం ఇంజినీరు, 1850ల నుంచే ఫొటోలతో కొలతలు తీయొచ్చు అని పట్టుబట్టినాయన. ఆ కొండల దక్షిణం పక్క నుంచి కిందికి జారి బేలో కలుస్తూ ఒక గ్లేసియర్. అదే డెవీల్ గ్లేసియర్.

ఎడ్వార్ డెవీల్ కెనడా సర్వేయర్ జనరల్. రాకీ పర్వతాల్లో గొలుసు పట్టుకుని కొలవడం కుదరదని 1888 నుంచి శిఖరాల మీద కెమెరాలు పెట్టించి ఫొటోల నుంచి మ్యాపులు చేయించాడు. 1896లో ఆయన తయారుచేసిన యంత్రం, రెండు ఫొటోలు పెట్టి స్టీరియోలో చూస్తూ నేరుగా మ్యాప్ గీసేది, ఆ రకంలో మొదటిది. నేను నా ఉద్యోగం అంతా కూర్చున్న యంత్రాలకి ముత్తాత అదే. అలాంటి మనిషి పేరున్న గ్లేసియర్ కిలోమీటరున్నర దూరంలో నా ఎదురుగా, పైన మబ్బులోంచి మొదలై కింద సముద్రంలో ముగుస్తూ. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, చలిగాలికి కాదు.

దీన్ని మొదట చార్ట్ మీద పెట్టింది గెర్లాష్ యాత్రే, కానీ పేరు పెట్టింది 1960లో, బ్రిటన్ అంటార్కటిక్ ప్లేస్ నేమ్స్ కమిటీ. 1945లో మొదలైన కమిటీ అది, చాలా ఏళ్ళు దాని సెక్రటరీ బ్రయన్ రాబర్ట్స్, ఈయన కూడా రైమిల్ యాత్రలో ఇక్కడ తిరిగినవాడే. వందల పేర్లు ఒకేసారి కావాల్సి వచ్చినప్పుడు వాళ్ళు చేసిన పని నాకు చాలా నచ్చుతుంది, ఒక్కో ప్రాంతానికి ఒక్కో విషయం తీసుకున్నారు. బ్రబాంట్ ఐలాండ్ మీద వైద్యులు, హిప్పోక్రటీస్ గ్లేసియర్, లిస్టర్ గ్లేసియర్, కోక్ గ్లేసియర్. డాంకో తీరం ఉత్తర భాగంలో విమానాలూ బెలూన్లూ కనిపెట్టినవాళ్ళు, మోంగోల్ఫియే, లిలియెంథాల్, బ్లెరియో, సికోర్‌స్కీ. ఇక్కడ ఫొటోగ్రఫీ, లెన్సులు, ఫొటోగ్రామెట్రీ. అంటే గాల్లోకి ఎగరడం, ఫొటో తీయడం, ఫొటోని కొలవడం, ఈ మూడూ కలిస్తేనే ఈ తీరం మ్యాప్ పుట్టింది, ఆ ముగ్గురికీ ఆ తీరమే రాసిచ్చారు. రాజుల పేర్లూ డబ్బిచ్చినవాళ్ళ పేర్లూ ఎన్ని ఉన్నా, పనిముట్టు చేసినవాడి పేరు ఇంత పెద్ద నేల మీద ఇంకెక్కడ చూస్తాం.

ఒక్కటి మాత్రం మనసులో పొడుస్తూనే ఉంది. ఆ 1960 జాబితాలో నాకు ఆడవాళ్ళ పేరు తగల్లేదు. గెర్లాష్ పెట్టినవాటిలో ఉన్నాయి, కానీ వాళ్ళు రాణి, దాత, లెకోంట్‌కి కాబోయే భార్య షార్లెట్. నేను పనిచేసిన హాలులో మెషీన్ల ముందు కూర్చున్నది సగానికి పైగా అమ్మాయిలే, పిల్లల్ని స్కూలుకి పంపి వచ్చి రెండు షిఫ్టుల్లో కళ్ళు ఎర్రబడేదాకా కాంటూర్లు గీసినవాళ్ళు. అంటార్కటికాలో ఇంకా పేరు లేని మంచు చాలా ఉంది, ఇక ముందు పెట్టేవాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఇక్కడే నేను అనుకున్న పని చేశా. ఓడ నెమ్మదిగా పోతోంది, అయిదు నాట్లు అన్నారు, అంటే సెకనుకి రెండున్నర మీటర్లు. గ్లేసియర్‌కి ఒక ఫొటో, కెమెరా కదల్చకుండా ఇరవై సెకన్లు ఆగి ఇంకో ఫొటో. రెండింటి మధ్య యాభై మీటర్ల దూరం, అదే బేస్. క్యాబిన్‌కి వచ్చి రెండూ ఫోన్‌లో పక్కపక్కన పెట్టి, రెండు కటకాలున్న అట్ట వ్యూయర్‌లో తమ్ముడికి చూపించా. కాసేపు ఏం కనపడట్లేదు అన్నాడు, తర్వాత "అక్కా, లేచింది, మంచు లేచింది, పగుళ్ళు లోపలికి దిగిపోతున్నాయి" అని అరిచాడు. నేను రోజూ చేసిన పని ఏంటో మావాడు ఎన్నో ఏళ్ళుగా వింటున్నాడు, చూడ్డం మాత్రం అదే మొదలు.

మంచు మీద ప్లాటింగ్ ఎంత కష్టమో కూడా వాడికి అప్పుడే అర్థమైంది. పగుళ్ళున్న చోట లేస్తుంది, పైన నున్నటి తెల్ల చదును దగ్గర ఏమీ లేదు, కంటికి పట్టు దొరకదు, చుక్కని ఎక్కడ ఆనించాలో తెలీదు. ఆ రోజుల్లో ఈ తీరాన్ని గీసినవాళ్ళు అలాంటి చదునుల మీద ఎత్తులు తేల్చడానికి ఎంత తిప్పలు పడి ఉంటారో నేను ఊహించగలను.

మధ్యాహ్నం నెకో హార్బర్‌లో దిగాం. నెకో అనేది వందేళ్ళ కిందట ఇక్కడ లంగరేసి తిమింగలాల నూనె తీసిన ఓడ పేరు. ఇక్కడ నేల ఖండానిదే, దీవి కాదు. గైడ్‌లు నీటి అంచున ఎవర్నీ నిలబడనివ్వరు, పక్క మంచు గోడ విరిగిపడితే అల ఒడ్డు మీదకి వస్తుంది. మేం పైకెక్కి కూర్చున్నాక నిజంగానే విరిగింది, ముందు ముక్క జారడం కనిపించింది, ఆ తర్వాతే ఉరుము, ఆ తర్వాత అల వచ్చి బేలో ఉన్న మంచు ముక్కలన్నీ ఊగాయి.

నెకోకి దక్షిణంగా రుడాల్ఫ్ గ్లేసియర్. పాల్ రుడాల్ఫ్ జైస్ కంపెనీ లెన్స్ డిజైనర్, 1889లో అనాస్టిగ్మాట్, 1902లో టెసార్ అనే లెన్సులు ఆయనవే. బే లోపలి కొసన అరాగో గ్లేసియర్, 1839లో డాగెరోటైప్ అనే తొలి ఫొటో పద్ధతిని ఫ్రెంచ్ అకాడమీ ముందు ప్రకటించి, ఇది మ్యాపులకి పనికొస్తుందని అప్పుడే చెప్పిన అరాగో. ఇంకో మూల లెస్టర్ కోవ్, దాన్లోకి బాగ్‌షా గ్లేసియర్, గ్రబ్ గ్లేసియర్. గ్రబ్ లెన్సుల మనిషి, బాగ్‌షా సంగతి మర్నాడు తెలిసింది.

పారడైజ్ హార్బర్

చిలీవాళ్ళ గొంజాలెజ్ విడేలా స్టేషన్ ఉన్న చోటుని వాటర్‌బోట్ పాయింట్ అంటారు. 1921 జనవరి నుంచి 1922 జనవరి వరకూ బాగ్‌షా, లెస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్ళు ఇక్కడ వదిలేసి ఉన్న పాత పడవని ఇల్లుగా చేసుకుని ఏడాది గడిపారు. యాత్ర మిగతా భాగం కూలిపోయింది, లీడర్ వెనక్కి వెళ్ళిపోయాడు, వీళ్ళు మాత్రం ఉండిపోయి వాతావరణం, ఆటుపోట్లు, పెంగ్విన్లు అన్నీ రోజూ రాసుకున్నారు. ఆ ఇద్దరి పేర్లు నిన్న చూసిన బేలో ఒకదాని పక్కన ఒకటి పెట్టారు, గ్లేసియర్‌కి ఒకరిది, అది కలిసే నీళ్ళకి ఇంకొకరిది. ఆ పేర్లు పెట్టినవాళ్ళకి మనసుంది.

తర్వాత జోడియాక్‌లో స్కోంటోర్ప్ కోవ్. ఇక్కడికి వచ్చేది పెట్జ్‌వాల్ గ్లేసియర్. జోసెఫ్ పెట్జ్‌వాల్ లెక్కల ప్రొఫెసర్, 1840లో పోర్ట్రెయిట్ లెన్స్ లెక్క కట్టాడు, అంతకుముందు లెన్సు ఇంకో పనికి చేసింది తెచ్చి కెమెరాకి బిగించేవాళ్ళు, కెమెరా కోసమే లెక్కగట్టి చేసిన మొదటి లెన్స్ ఇది, నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాల్సిన బాధ దీనితో తగ్గింది.

జోడియాక్ ఇంజిన్ ఆపితే చుట్టూ మంచు ముక్కలు చిటపట అంటున్నాయి, లోపల ఎప్పటివో గాలి బుడగలు పగులుతున్న చప్పుడు. ఆ గోడ ముందు కూర్చుని ఉంటే ఒకటి అనిపించింది, ఇదే గ్లేసియర్ 1952 నాటి అర్జెంటీనా చార్టులో కూడా ఉంది, ఆ చార్టులో గీసిన మంచు ఇప్పుడు ఇక్కడ లేదు, సముద్రంలో కలిసిపోయింది, పైనుంచి వచ్చిన వేరే మంచు ఆ పేరుని మోస్తోంది. మాకు ఆఫీసులో చెప్పేవారు, కదిలే దానికి గీత గీస్తే పక్కన తేదీ రాయండి అని, నది గట్టుకీ చెరువు నీటి అంచుకీ అలాగే రాసేవాళ్ళం. గ్లేసియర్ ముఖానికి ఆ మాట ఇంకా ఎక్కువ వర్తిస్తుంది.

ఇంకో సంగతి, ఇక్కడ ఒక్కో చోటుకి రెండు మూడు పేర్లు మామూలే. బ్రిటన్, అర్జెంటీనా, చిలీ మూడూ ఇదే నేల మాదంటాయి, 1959లో సంతకాలైన అంటార్కటిక్ ఒప్పందం ఆ గొడవని అలాగే ఆపేసి పెట్టింది. పెనిన్సులా మొత్తానికే ఒకప్పుడు బ్రిటన్ గ్రాహం లాండ్ అంటే అమెరికా పామర్ పెనిన్సులా అనేది, 1964లో ఒప్పుకుని ఉత్తర భాగానికి ఒకటి, దక్షిణ భాగానికి ఇంకొకటి ఉంచారు. పేరు పెట్టడం అంటే జెండా పాతడం కూడా అని ఒప్పుకోవాలి. అన్ని దేశాల పేర్లనీ ఒకే చోట పెట్టే ఉమ్మడి గెజిటీర్ ఒకటుంది, స్కార్ అనే అంతర్జాతీయ సైన్సు కమిటీది, అందులో ఎవరి పేరూ కొట్టేయరు, పక్కపక్కనే ఉంచుతారు. నాకు ఆ పద్ధతి సరైనదనే అనిపిస్తుంది.

లెమెయిర్ ఛానెల్, పోర్ట్ లాక్‌రాయ్

పొద్దున పోర్ట్ లాక్‌రాయ్, 1944లో బ్రిటన్ కట్టిన చెక్క స్టేషన్, ఇప్పుడు మ్యూజియం, పోస్టాఫీసు. మా పాత ఆఫీసు వాళ్ళకి కార్డులు రాసి పెట్టెలో వేశా.

మధ్యాహ్నం లెమెయిర్, రెండు వైపులా కొండలు ఓడ మీదకి వంగినట్టుంటాయి, అందరూ ముందు డెక్ మీదకి పరిగెత్తారు. నేను ఎడమ వైపు ఉండిపోయా, ఛానెల్ మధ్యలో డెలోంకల్ బే తెరుచుకుంటుంది, అందులోకి దిగేది హోటీన్ గ్లేసియర్. మార్టిన్ హోటీన్, బ్రిటన్ ఓవర్సీస్ సర్వేస్ అనే మ్యాపుల శాఖకి మొదటి డైరెక్టర్, ఆ విమానం ఫొటోల నుంచి ఇక్కడి మ్యాపులు తయారైంది ఆయన ఆఫీసులోనే. మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ వాడినవాళ్ళకి ఆయన ఇంకో రకంగా తెలుసు, ప్రొజెక్షన్ల (గుండ్రటి భూమిని చదును మ్యాప్ మీదకి తెచ్చే పద్ధతుల) లిస్టు కిందికి జరిపితే హోటీన్ ఆబ్లిక్ మెర్కేటర్ అని వస్తుంది చూడండి, ఆయనే. ఆ లిస్టులో ఆ పేరు దాటి ఎన్ని వేలసార్లు కిందికి పోయానో, మనిషి అని ఎప్పుడూ తట్టలేదు. ఇక్కడ మబ్బు పూర్తిగా విడిపోయింది, గ్లేసియర్ పై కొస దాకా ఎండ.

తిరుగు ప్రయాణం

డ్రేక్ ఈసారి మర్యాదగా ఉంది. లాంజ్‌లో నా స్టీరియో ఫొటోలు అడిగినవాళ్ళకి చూపించా, ఒక జర్మన్ పెద్దాయన రుడాల్ఫ్ గ్లేసియర్ చూసి తన దగ్గర ఇంకా టెసార్ లెన్స్ ఉందని చెప్పాడు.

చివరి సాయంత్రం ఆ పాత ఫొటోలు తర్వాత ఏ పనికొచ్చాయో ఓడలో సైంటిస్టు చెప్పింది. 1940 నుంచి 2001 వరకూ ఉన్న రెండు వేలకు పైగా విమానం ఫొటోలూ, శాటిలైట్ చిత్రాలూ పక్కన పెట్టి, ఈ పెనిన్సులాలో సముద్రంలోకి దిగే 244 గ్లేసియర్ల ముఖాలు ఎక్కడెక్కడ ఉన్నాయో గీతలు గీస్తే 87 శాతం వెనక్కి జరిగాయి, 2005లో అచ్చైంది ఆ స్టడీ. మ్యాప్ కోసమే తీసిన ఫొటోలు అవి, వాతావరణం మారుతుందని ఎవరూ అనుకోలేదు అప్పుడు. అంత జాగ్రత్తగా, అంత ఓవర్‌లాప్‌తో, కంట్రోల్ పాయింట్లతో తీసి దాచకపోతే ఈ లెక్క వచ్చేదే కాదు. తూర్పు వైపు లార్సెన్ బి అనే మంచు పలక 2002లో ముక్కలైపోతే దాని వెనకున్న క్రేన్ గ్లేసియర్, ఆ ఛానెల్ అనుకున్నదే, సముద్రంలోకి వేగంగా జారడం మొదలెట్టింది.

ఇప్పుడు ఈ పని శాటిలైట్లది. అంటార్కటికాలో ఉన్న మన భారతి స్టేషన్‌లో 2013 నుంచి ఇస్రో గ్రౌండ్ స్టేషన్ ఉంది, అక్కడ దింపుకున్న డేటా హైదరాబాద్ పక్కన షాద్‌నగర్‌కి వస్తుంది, మా ఇంటి నుంచి గంట దారి. మనవాళ్ళు 1983 నుంచి కొలుస్తున్న గ్లేసియర్ కూడా ఒకటుంది, షిర్మాకర్ ఒయాసిస్ అనే మంచు లేని నేల దగ్గర, దాని పేరు దక్షిణ గంగోత్రి.

వెళ్ళాలనుకునేవాళ్ళకి రెండు మాటలు. స్కార్ గెజిటీర్ ఆన్‌లైన్‌లో ఫ్రీ, ఓడలో నెట్ నమ్మకం లేదు కాబట్టి మీరు పోయే ప్రాంతం పేజీలు ముందే దించుకోండి. ఆండ్‌వోర్డ్ బేలోకి పోయేప్పుడు ఎడమ రెయిలింగ్, లెమెయిర్‌లో దక్షిణానికి పోయేప్పుడూ ఎడమే. గ్లేసియర్ రెండు కిలోమీటర్ల దూరంలో ఉంటే రెండు ఫొటోల మధ్య ఇరవై సెకన్లు సరిపోతాయి, ఓడ వేగం పెంచితే తగ్గించుకోండి, జూమ్ మాత్రం మధ్యలో ముట్టుకోవద్దు.